గోకుడు ఎక్కడో చూడండి, ఆ తర్వాతే మందు డబ్బా

నడికుడి జంక్షన్‌లో మాచర్ల బండి కోసం కాసేపు కూర్చున్నవాళ్ళు చూసే ఉంటారు. బల్ల కింద ఒక కుక్క పడుకుని ఉంటుంది. నిద్రపోతోందనుకుంటాం. ఉన్నట్టుండి లేచి వెనక కాలితో చెవి వెనక టకటకా గోక్కుంటుంది. ఒళ్ళు వంచి తోక మొదట్లో పళ్ళతో కొరుక్కుంటుంది. మళ్ళీ పడుకుంటుంది. కన్ను మూతపడేలోగా మళ్ళీ అదే పని. వీపు మీద బొచ్చు ఊడి, తోలు నల్లబడి, మందమై ముడతలు తేలి ఉంటుంది. చూసినవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకుంటారు. "పిచ్చికుక్కలా ఉంది, తరిమెయ్యండయ్యా" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. పిచ్చి, అంటే రేబిస్, నరాలకూ మెదడుకూ వచ్చే జబ్బు. అది జొల్లు ద్వారా, కాటు ద్వారా అంటుకుంటుంది. బొచ్చు ఊడటానికీ దానికీ సంబంధం లేదు. నిగనిగలాడే కుక్కకు కూడా రేబిస్ ఉండవచ్చు, ఒళ్ళంతా పుండ్లు పడ్డ కుక్కకు లేకపోవచ్చు. ఏ కుక్క కరిచినా పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి టీకాకు వెళ్ళాల్సిందే. ఆ నియమంలో మార్పేమీ లేదు. కానీ ఒంటి మీద బొచ్చు లేదన్న కారణంతో రాళ్ళు వేసి తరిమే కుక్కల్లో ఎక్కువ భాగం నిద్రలేక, తిండి సయించక, దురదతో చిక్కి శల్యమైనవే.

ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. దురదకంటూ మందు లేదు. దురద దేనివల్ల పుట్టిందో దానికే మందు ఉంటుంది. అందుకని కుక్క గోక్కోవడం మొదలుపెట్టగానే అటక మీద ఉన్న డబ్బా తీయకండి. ముందు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎక్కడ గోక్కుంటోందో నిదానంగా చూడండి. పశువైద్యుడు కూడా మొదట చేసేది అదే పని. సగం రోగం ఆ చోటే చెప్పేస్తుంది.

తోక మొదలు, నడుము, వెనక తొడల దగ్గర కొరుక్కుంటోందంటే మొదటి అనుమానం ఫ్లీ అనే పురుగు మీద. గోధుమ రంగులో, పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉండి, వేలు పెట్టేలోగా దూకి మాయమైపోతుంది. గోమార్లలా పట్టుకుని వేలాడదు కాబట్టి చాలామందికి కనబడదు. "మా కుక్క ఒంటి మీద పురుగుల్లేవండీ" అని గట్టిగా చెబుతారు. దానికో పరీక్ష ఉంది, ఇవాళే ఇంట్లో చేసి చూడండి. పేలదువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్లకాగితం మీద వేయండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. నలుసు చుట్టూ ఎర్రగా, తుప్పు రంగులో చార పాకితే అది ఆ పురుగు తాగి విసర్జించిన కుక్క రక్తం. ఇక వాదన అక్కర్లేదు.

కొన్ని కుక్కలకు ఆ పురుగు ఉమ్మి అస్సలు పడదు. రెండు మూడు కాట్లు చాలు, రోజుల తరబడి నడుమంతా కొరుక్కుని పచ్చిపుండు చేసుకుంటాయి. అందుకే ఒంటి మీద పురుగులు లెక్కపెట్టి "ఇన్నేగా" అనుకోవడానికి వీల్లేదు. పైగా మన కంటికి కనబడే పెద్ద పురుగులు మొత్తంలో చాలా చిన్న భాగం. మిగతావన్నీ గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్ళుగా ఇంట్లోనే ఉంటాయి. గోనెపట్టాలో, మంచం కింద దుమ్ములో, అరుగు మూలలో. ఆడపురుగు రోజుకు నలభై యాభై దాకా గుడ్లు పెట్టగలదు. అవి కుక్క బొచ్చుకు అంటుకోవు, అది ఎక్కడ పడుకుంటే అక్కడ జారిపోతాయి. గూట్లో ఉన్న పురుగు అదను కోసం నెలల తరబడి కాచుకోగలదు. ఊరెళ్ళి తాళం వేసిన ఇంటికి తిరిగొచ్చి తలుపు తీయగానే కాళ్ళకు పురుగులు పట్టుకోవడం వెనక ఉన్న రహస్యం అదే. మనిషి అడుగుల అదురుకు, ఒంటి వెచ్చదనానికి అవి ఒక్కసారిగా బయటికొస్తాయి.

చెవి అంచులు, మోచేతులు, మడమలు, పొట్ట కింది భాగం. ఇక్కడ బొచ్చు ఊడి, పసుపుపచ్చ పక్కులు కట్టి, రాత్రిళ్ళు ఇల్లంతా మేలుకునేట్టు గోక్కుంటోందంటే అది గజ్జి. సార్‌కాప్టిస్ అనే సూక్ష్మమైన పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి గుడ్డు దాకా దాని బతుకు రెండు మూడు వారాలు. మనుషుల గజ్జికి కూడా ఇలాంటి పురుగే కారణమని ఇటలీ వైద్యుడు బొనోమో, మందుల తయారీదారు చెస్తోనీతో కలిసి సూక్ష్మదర్శినిలో చూసి 1687లో రాశాడు. ఒక జబ్బుకు ఫలానా ప్రాణి కారణమని మనిషి తేల్చుకున్న తొలి సందర్భాల్లో అదొకటి. అయినా వైద్యలోకం ఆ మాట నమ్మడానికి ఇంకా చాలాకాలం పట్టింది. రక్తం చెడిందనీ, వేడి చేసిందనీ అనుకుంటూనే ఉన్నారు. మన ఊళ్ళలో ఇప్పటికీ "కుక్కకు వేడి చేసిందండీ, మజ్జిగ పోస్తున్నాం" అనేవాళ్ళున్నారు కాబట్టి ఆనాటి వైద్యులను మనం ఎగతాళి చేయనక్కర్లేదు.

గజ్జి అనుమానం ఉంటే చెవి అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లిగా రుద్దండి. కుక్క వెనక కాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడితే అనుమానం బలపడినట్టే. ఖాయం చేయడానికి మాత్రం ఆస్పత్రిలో చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఒక్కోసారి పురుగు ఉన్నా గీకినచోట దొరకదు. అప్పుడు డాక్టరు గజ్జి మందే ఇచ్చి, తగ్గుతుందేమో చూస్తారు. అది తప్పు కాదు.

ఇంటిల్లిపాదికీ ముంజేతుల మీద, పొట్ట మీద చిన్న ఎర్రపొక్కులు లేచి దురద పెడుతున్నాయా? కుక్కను ఎత్తుకునే పిల్లలకు ముందు వస్తాయి. కుక్క గజ్జి పురుగు మనిషి ఒంటి మీద ఎక్కువకాలం బతికి వంశం పెంచుకోలేదు. కుక్కకు సరిగ్గా వైద్యం జరిగితే మనవి కూడా పోతాయి. మనకు మలాము రాసుకుని కుక్కను వదిలేస్తే రెండూ పోవు.

ఇక కుక్కపిల్ల కంటి చుట్టూ, మూతి మీద రూపాయి బిళ్ళంత బొచ్చు ఊడి, దురద పెద్దగా లేకపోతే అది వేరే సంగతి. డెమోడెక్స్ అనే పురుగు, తల్లి పాలు తాగే మొదటి రోజుల్లో తల్లి ఒంటి నుంచి పిల్లకు వస్తుంది. దాదాపు అన్ని కుక్కల్లో ఉంటుంది, ఒంట్లో శక్తి తగ్గినప్పుడే చెలరేగుతుంది. మనుషులకు అంటదు. చాలా కుక్కపిల్లల్లో దానంతటదే తగ్గిపోతుంది కూడా. గుండ్రంగా, అంచు పొట్టు లేచినట్టు ఉండే మచ్చ తామర కావచ్చు. ఇది మాత్రం పిల్లలకు అంటుకుంటుంది, చేతులు కడుక్కోవాలి.

కాళ్ళ వేళ్ళ మధ్య అదేపనిగా నాకుతూ, తెల్లటి పాదాలను తుప్పు రంగుకు తెచ్చుకుంటూ, ఏడాదికి నాలుగుసార్లు చెవి వాసన కొడుతూ ఉండే కుక్క ఇంకో జాతి రోగి. అది అలర్జీ. ఎక్కువగా ఆరు నెలలకూ మూడేళ్ళకూ మధ్య మొదలవుతుంది. నరసరావుపేటలోనూ పిడుగురాళ్ళలోనూ ఇప్పుడు లాబ్రడార్లు, పగ్గులు, ఆఖరికి హస్కీలు కూడా పెంచుతున్నారు. రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతా పేరు. ఆ పక్కన మంచుదేశపు బొచ్చు కుక్కను పెంచాలన్న ఆలోచన ఎవరికి ఎందుకొచ్చిందో నాకు అర్థం కాదు. లాబ్రడార్లకు ఈ అలర్జీ జాతిలోనే ఎక్కువ. ఇది పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. ఆ మాట మొదటే చెబితే యజమాని డాక్టర్లను మారుస్తూ ఊళ్ళు తిరగడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పల్నాడులో గోక్కునే కుక్కకు గజ్జి పురుగు కంటే మన ఇంట్లో ఉన్న సీసా వల్ల ఎక్కువ ప్రమాదం. ఇది మిర్చి, పత్తి పండే నేల. మందు కొట్టని చేను లేదు, అరసీసా మిగలని ఇల్లు లేదు. చేలో పురుగును చంపిన మందు కుక్క ఒంటి మీద పురుగును చంపదా అన్న తర్కం వినడానికి బాగానే ఉంటుంది.

"డాక్టరు గారూ, పత్తికి కొట్టిన మందు కాస్త మిగిలితే నీళ్ళలో కలిపి పూశామండీ. పొద్దున్నుంచి లేవట్లేదు."

"ఏ మందయ్యా?"

"పేరు తెలీదండీ. సీసా మీద కాగితం ఊడిపోయింది."

ఇలాంటి మాటలు ఈ ప్రాంతంలో పనిచేసిన ఏ పశువైద్యుడికైనా కొత్త కాదు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఇవన్నీ ఒకే కుటుంబం. వీటిని చర్మం పీల్చుకుంటుంది. గోకి గోకి పచ్చిపుండైన చర్మం మరీ త్వరగా పీల్చుకుంటుంది. పైగా మందును నీళ్ళలో కలిసేట్టు చేయడానికి అందులో కలిపే ద్రావకాలు చర్మం గుండా దారి చేసి పెడతాయి. అదీ చాలక కుక్క తన ఒళ్ళు తాను నాక్కుంటుంది. మనం పూసింది అది తాగుతుంది. గంటల్లోనే నోటి వెంట చొంగ, కళ్ళ వెంట నీళ్ళు, వాంతులు, విరేచనాలు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, ఒళ్ళంతా కండలు అదరడం, తర్వాత ఊపిరి అందకపోవడం. చేలో మందు కొట్టి పడిపోయిన కూలీ మనిషికి ఆస్పత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షనే కుక్కకూ ఇవ్వాలి. ఎండోసల్ఫాన్ అనే ఇంకో పురుగుమందును సుప్రీంకోర్టు 2011లో దేశమంతటా ఆపేసింది. అది మనుషుల పరిస్థితి చూసి చేసిన పని. కుక్కల లెక్క ఎవరూ తీయలేదు.

ఎవరైనా ఇప్పటికే అలా పూసి ఉంటే, చేతికి తొడుగు వేసుకుని, సబ్బుతో, ధారాళంగా నీళ్ళు పోసి వెంటనే కడగండి. సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు. సీసాను వెంట తీసుకుని ఆస్పత్రికి బయల్దేరండి. కాగితం ఊడినా సీసా తేవడమే మేలు, వాసన, రంగు కొంత చెబుతాయి.

కిరసనాయిలు, బండి నుంచి తీసేసిన పాత ఇంజనాయిలు కూడా ఇదే కోవ. పురుగు చస్తుందేమో కానీ చర్మం కాలుతుంది. నాకినప్పుడు కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. చిక్కటి ఫినాయిలు, డెట్టాలు పుండు మీద పోయడం అందరికీ అలవాటు. కుక్క కేకపెట్టిందంటే మందు పనిచేస్తోందని సంతోషిస్తారు. అది మండి కేకపెడుతోంది, అంతే.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకో దురద ఉంది. నడికుడి, పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నపు బట్టీలు. చలికాలం రాత్రి బట్టీ పక్కన బూడిదలో, సున్నపు దుమ్ములో కుక్కలు వెచ్చగా ముడుచుకుంటాయి. కాల్చిన సున్నానికి తడి తగిలితే వేడి పుడుతుందని ఇక్కడ చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. తెల్లవారుజాము మంచు చాలు, పొట్ట కింది పల్చటి చర్మం, వేళ్ళ సందులు ఎర్రబడి పొక్కుతాయి. బొచ్చు లేని చోట మాత్రమే మంట, వీపు శుభ్రం, ఇదీ దాని గుర్తు. అప్పుడు కంగారుపడి బక్కెట్టు నీళ్ళు కుమ్మరించవద్దు. ముందు పొడిగుడ్డతో, మెత్తటి చీపురుతో దుమ్ము దులిపేయండి. ఆ తర్వాత ఎక్కువ నీళ్ళతో ఎక్కువసేపు కడగండి. కంట్లో పడితే మాత్రం ఆలస్యం లేకుండా నీళ్ళధార పడుతూనే ఉండాలి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఒక వింత ఏమిటంటే, అదే సున్నాన్ని గంధకంతో కలిపి ఉడకబెట్టి తయారుచేసే ద్రావణం పశువైద్యంలో గజ్జికీ తామరకూ పాత మందు. 19వ శతాబ్దం నుంచి పండ్లతోటల బూజుకూ, గొర్రెల గజ్జికీ వాడారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, తెల్ల బొచ్చును పసుపు చేస్తుంది, అయినా చిన్న కుక్కపిల్లలకు కూడా భద్రమైనదిగా నేటికీ కొన్ని దేశాల్లో పేరుంది. ఈ మాట విన్నాం కదా అని బట్టీ నుంచి సున్నం తెచ్చి పొయ్యి మీద పెట్టకండి. గాఢత తప్పితే అది ఒళ్ళు కాల్చే క్షారం.

మరి ఈ రాత్రికి కుక్కకు కాస్త ఉపశమనం ఎలా? ఇది చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఆస్పత్రి తెల్లవారితే గానీ తెరవరు. వేడినీళ్ళు వద్దు, దురద ఇంకా రేగుతుంది. చల్లటి నీళ్ళు పది నిమిషాలు మెల్లగా పోయండి, లేదా చల్లటి నీళ్ళలో తడిపిన కండువా దురద ఉన్నచోట వేసి ఉంచండి. తువ్వాలుతో రుద్దవద్దు, అద్దండి. చీము, తడి ఉన్న పుండు చుట్టూ బొచ్చు కత్తిరించి గాలి తగలనివ్వండి. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక చెంచా ఉప్పు కలిపి దానితో కడగవచ్చు. వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తామంటే పోయండి, చెడు చేయదు. కానీ గజ్జి పురుగు దానికి చావదు. పసుపూ అంతే. వేపనూనె చిక్కగా పట్టించడం మాత్రం వద్దు. గోళ్ళు పెరిగి ఉంటే తీయండి. పుండు నాకకుండా మెడకు గొట్టం కట్టండి. కొనడం కుదరకపోతే పాత ప్లాస్టిక్ బక్కెట్టు అడుగు కోసి, అంచు గుడ్డతో చుట్టి మెడకు తగిలించవచ్చు. మొదటి గంట కుక్క గోడలకు గుద్దుకుంటుంది, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, తర్వాత ఇద్దరూ అలవాటుపడతారు.

మనం ఒంటికి రుద్దుకునే సబ్బు కుక్కకు వద్దని చెబితే నమ్మరు. మన చర్మం పైపొరలో కణాల వరుసలు పది పదిహేను ఉంటే కుక్క చర్మంలో మూడు నుంచి అయిదు. మన చర్మంలో ఆమ్లగుణం ఎక్కువ, దానిది తటస్థానికి దగ్గర. మన సబ్బు దాని చర్మం మీది నూనెపొరను తీసేసి పొడిబారుస్తుంది, అది ఇంకా గోక్కుంటుంది. డాక్టరు రాసిచ్చిన షాంపూ అయితే నురగ రాగానే కడిగేయకండి. పది నిమిషాలు ఒంటి మీద ఉంటేనే అది పనిచేస్తుంది. ఇక్కడే చాలామంది డబ్బు నీళ్ళపాలవుతుంది.

"ఒక్క ఇంజెక్షన్ పొడవండి సార్, పొద్దుటికి తగ్గిపోవాలి." ఇది ఇంకో కోరిక. అలాంటి ఇంజెక్షన్ ఉంది. దాని పేరు స్టెరాయిడ్. నిజంగానే పొద్దుటికి తగ్గుతుంది. ఇచ్చిన డాక్టరు దేవుడైపోతాడు. మూడు వారాలకు దురద తిరిగొస్తుంది, మళ్ళీ ఇంజెక్షన్. ఈలోగా కుక్క తెగ నీళ్ళు తాగుతుంది, ఇల్లంతా ఉచ్చ పోస్తుంది, పొట్ట జారుతుంది, చర్మం పల్చబడుతుంది. లోపల ఉన్నది డెమోడెక్స్ అయితే స్టెరాయిడ్ దానికి పండగ. స్టెరాయిడ్ చెడ్డమందు అని నేననడం లేదు, అలర్జీలో కొద్దిరోజులు అవసరమే. పురుగు ఉందో లేదో చూడకుండా ఇవ్వడం, ఇమ్మని ఒత్తిడి చేయడం తప్పు. ఆ తప్పులో యజమాని వాటా కూడా తక్కువేం కాదు.

పురుగులకు ఇప్పుడు మంచి మందులే వచ్చాయి. ఐవర్‌మెక్టిన్ వెనక ఉన్న సూక్ష్మజీవిని జపాన్‌లో మట్టి నుంచి వెలికితీసిన సతోషి ఒమురాకు, దాన్ని మందుగా నడిపించిన విలియం క్యాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ ఇచ్చారు. పశువులకు ఇచ్చే ఆ ఇంజెక్షన్ మందుల షాపులో దొరుకుతుంది కదా అని అంచనాగా పొడవకండి. కోలీ లాంటి గొర్రెలకాపరి జాతుల్లో కొన్నిటికి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది, ఆ మందు మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. పశువుల గోమార్లకు వాడే అమిట్రాజ్ కూడా కొలత తప్పితే కుక్కను మత్తులోకి దించి గుండె వేగం తగ్గిస్తుంది. ఫ్లూరలానర్, అఫాక్సొలానర్ లాంటి మాత్రలు ఈమధ్య కాలంలో వచ్చాయి. తినిపిస్తే చాలు, ఫ్లీలు, గోమార్లు, గజ్జి పురుగు మూడూ లొంగుతాయి. మూర్ఛ వచ్చే కుక్కలకు మాత్రం జాగ్రత్త అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఖరీదైనవే. కానీ నాలుగు రకాల చిట్కాలకూ, రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లకూ పెట్టే ఖర్చు కలిపి చూస్తే తేడా పెద్దగా ఉండదు.

గోమార్ల సంగతి విడిగా చెప్పాలి. కుక్కకు పట్టే గోధుమరంగు గోమారు గేదెకు పట్టేదానికంటే వేరు. దానికి కావలసింది కుక్కే. పిల్లగా ఒకసారి, ఎదిగేటప్పుడు ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి రక్తం తాగుతుంది. ప్రతిసారీ కిందకు రాలి ఏదో సందులోకి దూరుతుంది. ఆఖరిసారి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. మన ఇళ్ళ నేల నాపరాయి, దొడ్డి గోడ నాపరాయి. రాయికీ రాయికీ మధ్య ఉన్న సందు దానికి రాసిచ్చిన ఇల్లు. ఈ గోమారుకు పైకి పాకే గుణం కూడా ఉంది. గోడ ఎక్కి చూరు దాకా పోతుంది. కుక్కకు మందు వేసి, నేల కడిగి, మళ్ళీ వచ్చాయని వాపోయేవాళ్ళు తల ఎత్తి గోడ పైభాగం చూడాలి. సందుల్ని సిమెంటుతో మూయండి, గోడకు సున్నం కొట్టి పగుళ్ళు నింపండి. మన ఊళ్ళో సున్నానికి కరువా? గోనెపట్టా మరిగే నీళ్ళలో ముంచి ఎండలో ఆరేయండి, అంతకంటే మంచిది కాల్చేయడం. ఒంటి మీది గోమారును పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి. వేళ్ళతో చిదమకండి.

గోమారు దురద మాత్రమే పెట్టి ఊరుకోదు, రక్తంలోకి జ్వరం ఎక్కిస్తుంది. కుక్క తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారితే అది గోమారు జ్వరం కావచ్చు. వాటిలో ఎర్లికియా అనేదానికి డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వెలువడింది. బెంజమిన్ డగ్గర్ దాన్ని కనిపెట్టినప్పుడు అక్కడ పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కోళ్ళ గంపల పక్కన, పందెంకోళ్ళ కట్టుగొయ్యల దగ్గర పడుకునే కుక్కల చెవి అంచున నల్లటి గింజల్లా గుంపుగా అతుక్కున్న పురుగులు కనబడితే అవి కోళ్ళ ఫ్లీలు. కోడికి వైద్యం చేయకుండా కుక్కకు తగ్గదు.

తిండి గురించి రెండు ముక్కలు. ఉప్పు తగిలితే బొచ్చు ఊడుతుందంటారు, తీపి పెడితే పురుగు పడుతుందంటారు. రెండూ నిజం కాదు. కానీ రోజూ పప్పన్నం, పెరుగన్నం మాత్రమే తినే కుక్క చర్మం పొడిబారి, బొచ్చు కళ తప్పడం నిజం. దానికి మాంసకృత్తులు, కొవ్వు కావాలి. ఉడికించిన గుడ్డు, చేప పెట్టండి. ఉల్లిపాయ మాత్రం కూరలో కలిసినా వద్దు, రక్తకణాలను పగలగొడుతుంది. ఏడాది పొడవునా, ఏ కాలంతోనూ సంబంధం లేకుండా దురద ఉంటే తిండి అలర్జీ అనుమానించవచ్చు. కోడిమాంసం, గొడ్డుమాంసం, పాలు, గోధుమ తరచుగా బయటపడే కారణాలు. తేల్చుకోవాలంటే అది ఇంతవరకూ తినని ఒక మాంసంతో వరి అన్నం కలిపి ఎనిమిది వారాలు, మధ్యలో ఒక్క బిస్కెట్ ముక్క కూడా పెట్టకుండా నడపాలి. ఇంట్లో తాతయ్య ఉంటే ఈ పరీక్ష సాగదు. ఆయన రహస్యంగా పెడుతూనే ఉంటాడు.

వీధి కుక్కల గురించి చెప్పకుండా ముగించలేను. మీ ఇంటి కుక్కకు వేలు ఖర్చుపెట్టి గజ్జి తగ్గించారు. మీ అరుగు మీద రాత్రి పడుకునే వీధి కుక్కకు అదే గజ్జి ఉంది. రెండూ గేటు దగ్గర మూతులు రాసుకుంటాయి. నెలలో మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని వీధిలో నాలుగిళ్ళవాళ్ళు కలిసి, డాక్టరు చెప్పిన బరువు అంచనా ప్రకారం, మాంసం ముద్దలో మాత్ర పెట్టి వేస్తే అది దానం కాదు, మన ఇంటి కాపలా. పట్టుకోనక్కర్లేదు, కట్టనక్కర్లేదు. బొచ్చు తిరిగి వచ్చిన కుక్కను ఎవరూ రాయి పెట్టి కొట్టరు. కొట్టని కుక్క కరవడమూ తక్కువే. దాచేపల్లి నగర పంచాయతీ అయినా, ఇంకో పంచాయతీ అయినా వీధి కుక్కలకు ఆపరేషన్లు చేయించే రోజున రేబిస్ టీకాతో పాటు ఈ మాత్ర కూడా వేయించమని మీరు అడగవచ్చు. అడగండి.

పశువుల సంచార వైద్యం కోసం పెట్టిన 1962 నంబరు గేదెలున్న ఇళ్ళలో అందరికీ తెలుసు. కుక్క సంగతి కూడా అడిగి చూడండి, దగ్గర్లోని పశువుల ఆస్పత్రి ఎప్పుడు తెరిచి ఉంటుందో కనుక్కోండి. వెళ్ళే ముందు రోజు కుక్కకు స్నానం చేయించకండి, కడిగేస్తే డాక్టరుకు గీకడానికి, చూడటానికి ఏమీ మిగలదు. దురద ఎప్పుడు మొదలైందో, మొదట ఎక్కడ గోక్కుందో, ఇంట్లో ఇంకెవరికి పొక్కులు వచ్చాయో గుర్తు పెట్టుకుని వెళ్ళండి. ఇంతకుముందు పూసిన, తాగించిన, పొడిపించిన ప్రతి మందు డబ్బానూ సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి, చేలోకి కొన్న మందు సీసాతో సహా. డాక్టరు కోప్పడతారని దాచకండి.